బాస్ రాక్ గ్యానెట్ల దగ్గరికి

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు. తేలినీలాపురం మాకు దగ్గరే. ఏటా పెలికాన్లూ పెయింటెడ్ స్టార్కులూ వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టుకుని, పిల్లల్ని లేపుకుని పోయే ఊరది. పక్షులు వస్తే పంటలు బాగుంటాయని ఊరివాళ్ళ నమ్మకం. అందుకే వాటి జోలికి ఎవరూ పోరు, ఇంకొకర్ని పోనివ్వరు. చిన్నప్పటినుంచి ఆ కొంగల్ని చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఎడిన్‌బరాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేను ముందుగా అడిగింది బాస్ రాక్ సంగతే. అది స్కాట్లాండ్ తూర్పు తీరానికి దగ్గర్లో, సముద్రంలో నిటారుగా లేచిన రాతిదీవి. విస్తీర్ణం ఏడెకరాలు, ఎత్తు 107 మీటర్లు. 2014లో లెక్కపెట్టినప్పుడు దానిమీద గ్యానెట్ అనే పెద్ద తెల్లటి సముద్రపక్షుల జంటలు 75,259 ఉన్నాయి. అప్పటికి ప్రపంచంలో అంతకన్నా పెద్ద గ్యానెట్ కాలనీ ఇంకెక్కడా లేదు. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ తర్వాత ఆ దీవి ఎలా ఉందో నా కళ్ళతో చూడాలనిపించింది.

శుక్రవారం

బాస్ రాక్‌కి పడవలు బయల్దేరే ఊరు నార్త్ బెరిక్. ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్‌లో రైలెక్కితే అక్కడికి అరగంట పైన కొద్ది నిమిషాలే. ప్రెస్టన్‌పాన్స్, లాంగ్‌నిడ్రీ, డ్రెమ్ దాటితే లైను అక్కడితో అయిపోతుంది. జూన్ నెల. బార్లీ చేలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. డ్రెమ్ దాటాక చదునైన పొలాల మధ్య ఒంటరిగా నిలబడ్డ కొండ కనిపించింది. దాని పేరు నార్త్ బెరిక్ లా. ఆ కొండా, సముద్రంలో ఉన్న బాస్ రాకూ ఒక జాతివే. దాదాపు 34 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ అగ్నిపర్వతాలు ఉండేవి. వాటి గొంతుల్లో గడ్డకట్టిన లావా గట్టి రాయి అయింది. చుట్టూ ఉన్న మెత్తటి రాయిని మంచుయుగాల్లో హిమానీనదాలు గీక్కుపోయాయి. గొంతులో గడ్డకట్టిన రాయి మాత్రం మిగిలింది. దానికీ దీనికీ తేడా చుట్టూ నీళ్ళు ఉండటమే.

రేవు పక్కన స్కాటిష్ సీబర్డ్ సెంటర్ ఉంది. 2000లో తెరిచారు. దీవి మీద అమర్చిన కెమెరాలను ఇక్కడ కూర్చుని మనమే తిప్పి చూసుకోవచ్చు. చేతికర్రలాంటి మీట ఒకటుంది. ఎడమకు తోస్తే కెమెరా ఎడమకు తిరుగుతుంది, గుండీ నొక్కితే దగ్గరికి తెస్తుంది. నేను ఆ కుర్చీ వదల్లేదు. వెనక పిల్లలు వరసలో నిలబడితే లేచి వాళ్ళకిచ్చి, వాళ్ళవి అయ్యాక మళ్ళీ కూర్చున్నాను.

తెర మీద ఒక జంట దొరికింది. ఆడపక్షో మగపక్షో తెలీదు, రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి గూటి మీద కూర్చుని ఉంది. ఒళ్ళంతా తెలుపు, తలా మెడా లేత పసుపు, రెక్కల కొసలు నలుపు. బూడిదనీలం రంగు ముక్కు బాకులా సూటిగా ఉంది, దాని మీద నల్లటి గీతలు. రెండోది సముద్రం నుంచి వచ్చి దిగింది. దిగగానే రెండూ ఎదురెదురుగా రొమ్ముకి రొమ్ము ఆనించి నిలబడి, మెడలు పైకెత్తి, ముక్కుకి ముక్కు టకటకా కొట్టుకున్నాయి. కొట్టుకోవడమంటే పోట్లాట అనుకునేరు, పలకరింపు. చాలాసేపు అలా చేసి ఒకదాని మెడ ఒకటి నిమురుకున్నాయి. ఆ తర్వాత కూర్చున్నది లేచి, మెడ నిటారుగా ఆకాశానికెత్తి, రెక్కలు కొంచెం పైకి లేపి, ఒక్కో అడుగే వేసింది. ‘నేను వెళ్తున్నాను, నువ్వు కూర్చో’ అని జంటపక్షికి చెప్పడమది. రెండూ ఒకేసారి లేచిపోతే గుడ్డు పక్కగూటి పక్షి పాలో, గుడ్లు ఎత్తుకుపోయే గల్ల్ అనే సముద్రపక్షుల పాలో అవుతుంది. కొత్తగా వచ్చింది తన జాలపాదాలు రెండూ గుడ్డు మీద ఒకదాని మీద ఒకటి పరిచి కూర్చుంది. చాలా పక్షులు పొట్ట కింద ఈకల మధ్య ఖాళీచేసుకుని గుడ్డుని పొదుగుతాయి. గ్యానెట్ పాదాల వేడితో పొదుగుతుంది. ఏడాదికి ఒకటే గుడ్డు. దాదాపు 44 రోజులు పొదగాలి.

“నాన్నా, ఇక లేవండి, కొండెక్కాలి కదా,” అని మా అమ్మాయి రెండుసార్లు అడిగింది.

సెంటర్ పక్కనే పాత చర్చి శిథిలం ఉంది. పూర్వం సెయింట్ ఆండ్రూస్‌కి వెళ్ళే యాత్రికులు ఇక్కడే పడవెక్కి అవతలి ఒడ్డున ఫైఫ్‌లో దిగేవారు. 1590లో ఈ చర్చి దగ్గర మంత్రగత్తెలు చేరి, డెన్మార్క్ నుంచి పెళ్ళి చేసుకుని వస్తున్న రాజు ఆరవ జేమ్స్ ఓడ మీదికి తుఫాను లేపారని అభియోగం మోపి, ఎంతోమందిని చిత్రహింసలు పెట్టి చంపారు. ఇప్పుడు పక్కనే ఐస్‌క్రీమ్ తింటూ పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ చనిపోయినవాళ్ళ గురించి ఇంకా పెద్దగా, ఇంకా స్పష్టంగా అక్కడ రాసి పెట్టాలని నాకనిపించింది.

సాయంత్రం లా కొండెక్కాం. 187 మీటర్లు. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులతో కూడా ఆగి ఆగి ఎక్కేసింది. పైన తిమింగలం దవడ ఎముకల ద్వారం ఉంది. 1709 నుంచి ఇక్కడ నిజం ఎముకలే నిలబెడుతూ వచ్చారు. పుచ్చిపోవడంతో 2005లో తీసేసి, 2008లో ఫైబర్‌గ్లాస్‌తో అచ్చం అలాంటిదే చేయించి పెట్టారు. నెపోలియన్ కాలం నాటి కాపలా గది గోడలూ, రెండో ప్రపంచ యుద్ధం నాటి పరిశీలన గదీ పక్కనే ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళ కోసం, జర్మన్ల కోసం సముద్రం వైపు చూస్తూ మనుషులు ఇక్కడ కూర్చున్నారు.

మేం చూసింది బాస్ వైపు. దీవి పైభాగమంతా తెల్లగా ఉంది. రెట్టల తెలుపు కొంత ఉంటుంది గానీ, అక్కడి తెలుపులో ఎక్కువ భాగం పక్షులదే. ఫిబ్రవరిలో వచ్చి అక్టోబర్‌లో వెళ్ళిపోతాయి. ఆ తర్వాత అదే దీవి నల్లరాయిగా కనిపిస్తుందని మా అమ్మాయి చెప్పింది. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే కొండ చుట్టూ గాలిలో ముసురుతున్న తెల్లటి చుక్కలు. రాత్రి పది అవుతున్నా వెలుతురు ఉంది. చలిగాలి మొదలైతే దిగిపోయాం.

శనివారం

పొద్దున రేవుకి వెళ్తే పడవ లేదన్నారు. గాలి తూర్పు నుంచి తిరిగింది, అలల పొంగు ఎక్కువగా ఉంది, ఆదివారానికి మారుస్తామన్నారు. ఆ సముద్రం చూస్తే వాళ్ళు చెప్పింది సబబే అనిపించింది. సరే, ఒడ్డెంట నడుద్దామనుకున్నాం.

తూర్పు వైపు ఇసుకతీరం దాటి, గోల్ఫ్ మైదానం అంచున, కాంటీ బే మీదుగా టాంటలన్ కోటకి దాదాపు ఐదు కిలోమీటర్లు. కొంత దూరం రోడ్డు మీద నడవాల్సి వచ్చింది. కార్లు వేగంగా పోతాయి, అక్కడ మాత్రం జాగ్రత్తగా ఉండాలి. కాంటీ బేలో ఇప్పుడు నాలుగు ఇళ్ళు తప్ప ఏమీ లేదు. పూర్వం బాస్ దీవి మీద హక్కు కౌలుకి తీసుకున్నవాళ్ళ మకాం ఇక్కడే. ఏటా గ్యానెట్ పిల్లల్ని వేల సంఖ్యలో పట్టి ఒడ్డుకి తెచ్చేవారు. మాంసం తినేవారు, కొవ్వు కరిగించేవారు, ఈకలు పరుపులకి అమ్మేవారు. 1869లో బ్రిటన్‌లో సముద్ర పక్షుల రక్షణ చట్టం వచ్చింది. బాస్ మీద వేట ఆ కాలంలోనే ఆగిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో సంఖ్య ఏటేటా పెరుగుతూ, దీవి పక్కల్లో ఉన్న కొండచరియలు చాలక పైనున్న చదునంతా నిండిపోయింది. మనిషి చెయ్యి తీసేస్తే చాలు, పక్షి తన పని తాను చేసుకుంటుంది. తేలినీలాపురం వాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుసు.

టాంటలన్ కోట గురించి ఎక్కువ రాయను, అది చూడాల్సిందే. పద్నాలుగో శతాబ్దంలో డగ్లస్ ప్రభువులు కట్టుకున్నది. మూడు వైపులా నిట్టనిలువు కొండచరియ, నాలుగో వైపు ఎర్రరాయి గోడ, పన్నెండడుగుల మందం. 1651లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం పన్నెండు రోజులు ఫిరంగులు పేల్చి లొంగదీసింది. గోడ పైకెక్కితే ఎదురుగా బాస్. ఒడ్డుకి దగ్గరదగ్గర రెండు కిలోమీటర్లే. దీవి దక్షిణం వైపు తెల్లటి లైట్‌హౌస్, దాని కింద కోట గోడలు స్పష్టంగా కనిపిస్తాయి. లైట్‌హౌస్ 1902లో డేవిడ్ స్టీవెన్‌సన్ కట్టించింది. 1988 దాకా అందులో మనుషులు ఉండేవాళ్ళు. ఇప్పుడు దానంతటదే వెలుగుతుంది.

ఆ రాయి మీద మనుషుల చరిత్ర కూడా తక్కువేమీ కాదు. సెయింట్ బాల్డ్రెడ్ అనే సన్యాసి ఎనిమిదో శతాబ్దంలో అక్కడ తపస్సు చేసుకున్నాడంటారు. 1406లో స్కాట్లాండ్ యువరాజు జేమ్స్‌ని, పదకొండేళ్ళ పిల్లవాణ్ణి, శత్రువుల కంట పడకుండా ఆ దీవి మీద దాచి, ఓడ వస్తే ఫ్రాన్స్‌కి పంపారు. దారిలో ఇంగ్లిష్ వాళ్ళ చేతికి చిక్కి పద్దెనిమిదేళ్ళు బందీగా ఉండిపోయాడు. పదిహేడో శతాబ్దంలో అది జైలు. రాజు చెప్పిన చర్చి పద్ధతిని ఒప్పుకోని బోధకుల్ని తెచ్చి అక్కడ పడేసేవారు. జాన్ బ్లాకడర్ అనే ఆయన 1681 నుంచి అక్కడే మగ్గి, అక్కడే చనిపోయాడు. ఆయన సమాధి నార్త్ బెరిక్‌లో ఉంది.

నాకు బాగా నచ్చింది 1691 నాటి కథ. సింహాసనం పోగొట్టుకున్న రాజు ఏడవ జేమ్స్ పక్షాన పోరాడి పట్టుబడ్డ నలుగురు ఖైదీలు ఆ దీవి జైల్లో ఉన్నారు. బొగ్గు పడవ వచ్చింది. కాపలా సిపాయిలంతా బొగ్గు దింపుకోడానికి కిందికి దిగారు. ఆ నలుగురూ లోపలినుంచి తలుపు వేసుకున్నారు. అంతే, కోట వాళ్ళదైంది. ఫ్రాన్స్ నుంచి తిండీ మందుగుండూ తెప్పించుకుంటూ, మరికొందరు వచ్చి కలవగా, 1694 దాకా నిలబడ్డారు. చివరికి సంధి మాటలకి ప్రభుత్వం మనుషులు వస్తే, ఉన్నదంతా ఊడ్చి విందు పెట్టి, గోడల మీద తుపాకులు నిలబెట్టి వాటికి టోపీలూ కోట్లూ తొడిగి, లోపల చాలామంది ఉన్నట్టు నమ్మించారని చెప్తారు. మంచి షరతుల మీద బయటికొచ్చారు.

కోట నుంచి ఇంకా తూర్పుకి నడిస్తే సీక్లిఫ్ తీరం. అక్కడ ఎర్రరాయిని తొలిచి చేసిన చిన్న రేవుంది. 1890లో ఆవిరి యంత్రంతో తవ్వించారు. పడవ ఒకటి దూరేంత సందు, లోపల రెండు మూడు పడవలు పట్టేంత చోటు. పక్కన ఇనప చక్రం, తుప్పు పట్టి ఉంది. ఒడ్డున, పెద్ద రొయ్యల్లా ఉండే లాబ్‌స్టర్లు పట్టే బుట్టలు పేర్చారు. మా ఆవిడ ఆ బుట్ట ఒకటి తిప్పి తిప్పి చూసి, లాబ్‌స్టర్ లోపలికి ఎలా పోతుందో, బయటికి ఎందుకు రాలేదో తనకి తానే కనిపెట్టింది. వల గొట్టంలా లోపలికి సన్నబడుతుంది.

ఆ రేవు గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తింటుండగా గ్యానెట్లు వేటకి వచ్చాయి. ఒడ్డుకి అంత దగ్గరగా వస్తాయనుకోలేదు. ముందు ఒకటి, తర్వాత ఐదారు, ఆ తర్వాత లెక్క అందలేదు. ముప్పై మీటర్ల ఎత్తున గాలికి ఎదురుగా ఆగినట్టే ఆగి, తల కిందికి వంచి చూసి, ఒక్కసారి పక్కకి దొర్లి పడతాయి. పడేటప్పుడు రెక్కలు సగం ముడిచి దిశ సరిచేసుకుంటూ ఉంటాయి. నీటిని తాకే లిప్తలో రెక్కలు పూర్తిగా వెనక్కి లాగేస్తాయి. గంటకి వంద కిలోమీటర్ల వేగం ఉంటుందట అప్పుడు. నీళ్ళు తెల్లగా పైకి లేస్తాయి. కాస్సేపటికి చప్పుడు మన దాకా వస్తుంది.

అంత వేగంతో నీళ్ళని కొడితే మనిషికైతే మెడ విరుగుతుంది. గ్యానెట్‌కి చర్మం కింద, మెడ చుట్టూ, రొమ్ము మీద ఆ దెబ్బని మెత్తబరిచే గాలితిత్తులుంటాయి. ముక్కురంధ్రాలు బయటికి ఉండవు కాబట్టి నీళ్ళు లోపలికి పోవు. కళ్ళు రెండూ ముందుకి చూస్తాయి కాబట్టి చేప ఎంత లోతులో ఉందో అంచనా దొరుకుతుంది. ఇవన్నీ ముందే చదివి ఉన్నాను. చదవడం వేరు, మూడు కిలోల బరువున్న, ఆరడుగుల రెక్కలున్న పక్షి కళ్ళముందు నిలువునా పడి, మూడు నాలుగు సెకన్లకి చేప మింగేసి పైకి తేలి, తల విదిలించుకుని మళ్ళీ ఎగరడం చూడటం వేరు. పులిహోర చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడి గ్యానెట్లు తిండికోసం వందల కిలోమీటర్లు పోయి వస్తాయి. వాటికి చిన్న ట్రాకర్లు కట్టి లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి పరిశీలించారు. నార్త్ సీ మధ్యలో ఉన్న డాగర్ బ్యాంక్ అనే ఇసుకమేట దాకా కూడా వెళ్తాయి.

ఆదివారం

గాలి తగ్గింది. పడవ కదిలింది.

ముందు క్రెయిగ్‌లీత్ దీవి. పఫిన్లనే చిన్న సముద్రపక్షులు అక్కడే ఉంటాయి. నీళ్ళమీద పదులకొద్దీ తేలుతున్నాయి, ఎర్ర ముక్కులు, తెల్ల మొహాలు. పడవ దగ్గరికి రాగానే నీళ్ళ మీద రెక్కలు టపటపలాడిస్తూ పరుగెత్తి లేస్తాయి. పఫిన్ మట్టిలో బొరియ తవ్వుకుని గుడ్డు పెడుతుంది. ఒకప్పుడు ఈ దీవి మీద 28,000 జంటలు ఉండేవి. కొన్నేళ్ళలోనే కొద్ది వేలకి పడిపోయాయి. కారణం ట్రీ మాలో అనే మొక్క. బాస్ మీది కోట తోటల్లోంచి వచ్చిందంటారు. మనిషిని మించి ఎత్తు పెరిగి, దట్టంగా అల్లుకుని, బొరియల మూతులు మూసేసింది. మన దగ్గర సర్కారు తుమ్మ చెరువుగట్లని ఎలా కమ్మేసిందో చూశాం కదా, అదే తీరు. 2007లో స్వచ్ఛందంగా జనం వచ్చి దాన్ని నరకడం మొదలుపెట్టారు. పఫిన్లు లేని కాలంలో, అంటే శరదృతువు నుంచి చలికాలం చివరిదాకా, పడవలో వెళ్ళి కొడవళ్ళతో కొట్టి వస్తారు. విత్తనం నేలలో ఏళ్ళ తరబడి బతికి ఉంటుంది కాబట్టి ఒకసారి కొట్టి వదిలేస్తే కుదరదు, ఏటా వెళ్ళాలి. ఏటా వెళ్తున్నారు.

అక్కడినుంచి పడవ బాస్ వైపు తిరిగింది. కొండ దగ్గరయ్యేకొద్దీ మొదట వాసన తగిలింది. ఎండుచేపల వాసన, అందులో కళ్ళు మండించే అమ్మోనియా ఘాటు.

“ఇదేటండీ బాబూ, ఇంత వాసన!” అని మా ఆవిడ చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రెండు నిమిషాలకి కొంగు వదిలేసి పైకి చూస్తూ ఉండిపోయింది. వాసన సంగతి మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత చప్పుడు. ‘అర్రా అర్రా అర్రా’ అని వేల గొంతులు ఒక్కసారి. పడవలో వివరాలు చెప్పే అమ్మాయి మైకు పట్టుకుని కూడా గట్టిగా అరవాల్సి వచ్చింది. పైకి చూస్తే ఆకాశం అంతా పక్షులు, ఒకదాని పైన ఒకటి అంతస్తులుగా తిరుగుతున్నాయి. ఒకదానికొకటి గుద్దుకోవడం లేదు. కింది చట్టుల మీద గిల్లెమాట్ పక్షులు వరసకట్టి నిలబడ్డాయి, వాటి పక్కన పగుళ్ళలో రేజర్‌బిల్ పక్షులు. ఇంకా కింద నీటి అంచున బూడిదరంగు సీల్‌లు పడుకుని మమ్మల్ని చూస్తున్నాయి. తూర్పు చరియలో పెద్ద గుహ నోరు ఉంది. అది దీవి కింద నుంచి అవతలి పక్కకి వంద మీటర్ల పైన సొరంగం.

గూళ్ళ మధ్య దూరం చూడాలి. ఒక పక్షి ముక్కు చాపితే పక్కదానికి తగలనంత, అంతకన్నా ఒక్క జానెడు ఎక్కువ లేదు. పైనుంచి దిగే పక్షి సరిగ్గా తన గూటి మీదే దిగాలి. అడుగు పక్కకి పడితే అటూ ఇటూ పొడిచేస్తాయి. ప్రతి ఏడూ అదే గూడు, చాలావరకు అదే జంట. శీతాకాలం పశ్చిమాఫ్రికా తీరం దాకా పోయినా, మళ్ళీ ఆ మూరెడు రాయి దగ్గరికే వస్తుంది. బ్రయాన్ నెల్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1960ల మొదట్లో భార్యతో కలిసి ఆ దీవి మీదే, పాత ప్రార్థనా మందిరం శిథిలంలో చిన్న గుడిసె వేసుకుని ఉన్నాడు. గ్యానెట్ల గురించి మనకి ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన అక్కడ కూర్చుని చూసి రాసిందే. నీళ్ళు కూడా ఒడ్డునుంచి మోసుకెళ్ళాల్సిన చోట అన్నాళ్ళు ఉన్న ఆ దంపతులంటే నాకు ఎంతో గౌరవం.

పైనున్న చదునులో అక్కడక్కడా ఖాళీలు కనిపించాయి. ఒకప్పుడు అక్కడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా సందు లేకుండా గూళ్ళు ఉండేవని మైకులో అమ్మాయి చెప్పింది. 2022 జూన్ మొదట్లో పక్షులు గూళ్ళ మీదే చచ్చిపడటం మొదలైంది. చచ్చినవి ఒడ్డు పొడుగునా కొట్టుకొచ్చాయి. దీవి మీదికి మనుషుల్ని వెళ్ళనివ్వలేదు. మనకి బర్డ్ ఫ్లూ అంటే కోళ్ళ ఫారాలూ, గుడ్ల ధరలూ గుర్తొస్తాయి. ఫారంలో కోళ్ళు పోతే నష్టం పెద్దదే, కానీ కొన్ని నెలల్లో మళ్ళీ పిల్లల్ని తెచ్చి పెంచుకుంటారు. గ్యానెట్ ఐదేళ్ళకి గానీ గుడ్డు పెట్టే ఈడుకి రాదు. పెట్టేది ఒకటే గుడ్డు. ముప్పై ఏళ్ళు దాటి బతికినవీ ఉన్నాయి. అలా నిదానంగా పెరిగే జాతిలో పెద్ద పక్షులు ఒక్క వేసవిలో వేలకొద్దీ పోతే ఆ గుంత పూడటానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆలోచించండి. 2023లో డ్రోన్‌తో ఫొటోలు తీసి లెక్కపెడితే 51,844 గూళ్ళు తేలాయి. తొమ్మిదేళ్ళ కిందటి లెక్కతో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ.

ఆ సంఖ్య నేను ఇంట్లో కూర్చుని చదివి, అయ్యో అనుకున్నాను. అక్కడ ఖాళీ రాయి మీద ఒక్కటే నిలబడ్డ పక్షిని చూసినప్పుడు గొంతు పట్టేసింది. దాని చుట్టూ రెండు మూడు గూళ్ళ చోటు ఖాళీ. అది మెడ చాపి, దిగే ప్రతి పక్షి వైపూ తిరిగి చూస్తోంది. దాని జోడు వేటకి పోయిందో, అసలు లేదో నాకు తెలీదు.

పడవ లైట్‌హౌస్ కింద మెట్ల దగ్గర కాసేపు ఆగింది. కోట గోడ అంచు మీద పక్షులు చాలా దగ్గరగా ఉన్నాయి. మా అమ్మాయి బైనాక్యులర్స్ నా చేతికిచ్చి, “నాన్నా, గోడ మీద ఎడమ నుంచి మూడోది, దాని కన్ను చూడండి,” అంది. మామూలుగా గ్యానెట్ కంటిపాప చుట్టూ లేత నీలం ఉంటుంది, దాని చుట్టూ ముదురునీలం అంచు. పక్కనున్న రెండింటికీ అలాగే ఉంది. మూడోదాని కన్ను మాత్రం మొత్తం నల్లగా ఉంది. బర్డ్ ఫ్లూ సోకి బతికి బయటపడ్డ పక్షులకి కంటి రంగు ఇలా నల్లబడుతుందని బాస్ రాక్ పక్షుల రక్తం పరీక్షించి కనిపెట్టారు, 2023లో ప్రచురించారు. ఆ నల్లకన్ను పక్షి కాళ్ళ దగ్గర నల్లటి కూన తల బయటపెట్టింది. పుట్టి ఎక్కువ రోజులు కాలేదు, ఇంకా ఈకలు లేవు. పక్షి ముక్కు తెరిచి కిందికి వంచితే కూన తల మొత్తం అందులోకి దూర్చి తినడం మొదలుపెట్టింది. జబ్బుతో పోరాడి, మళ్ళీ వచ్చి, జోడు వెతుక్కుని, గుడ్డు పెట్టి, పిల్లని లేపిన పక్షి అది. దాని కన్ను ఎలా చూస్తోందో, వేటకి ఇబ్బందేమైనా ఉందో మాకు తెలీదు గానీ, కూన మాత్రం కడుపునిండా తింటోంది.

ఈ కూన ఆగస్టు, సెప్టెంబర్ నాటికి తల్లిదండ్రుల కన్నా బరువెక్కుతుంది. ఎగరడం సరిగా రాకుండానే ఒక రోజు చరియ అంచు నుంచి దూకేస్తుంది. ఆ కొవ్వే దాని దారిబత్తెం. కొన్నాళ్ళు ఈదుతూ దక్షిణానికి పోయి, బరువు తగ్గాక ఎగరడం, వేటాడటం తనంతట తనే నేర్చుకుంటుంది. తల్లిదండ్రులు వెంట రారు.

ఒడ్డుకి తిరిగొచ్చేసరికి మా ముగ్గురి బట్టల మీదా తెల్లటి మచ్చలున్నాయి.

సోమవారం

బస్సులో డన్‌బార్ వెళ్ళాం. ప్రకృతి రక్షణ కోసం అమెరికాలో ఎంతో చేసిన జాన్ మ్యూర్ 1838లో పుట్టింది ఈ ఊళ్ళోనే. హై స్ట్రీట్‌లో ఆయన పుట్టిన ఇల్లు మ్యూజియం చేశారు. ఆయన పేరుతో ఉన్న కాలిబాట పశ్చిమ తీరంలోని హెలెన్స్‌బరాలో మొదలై 215 కిలోమీటర్లు నడిచి ఇక్కడికొచ్చి ఆగుతుంది. మేం ఆ బాటలో బెల్‌హేవెన్ తీరం నుంచి రేవు దాకా ఉన్న ముక్క నడిచాం. ఎర్రటి కొండచరియ మీద, సముద్రాన్ని పక్కనే పెట్టుకుని వెళ్ళే దారి. మా ఆవిడకి అన్నిటికన్నా ఈ నడకే నచ్చింది.

డన్‌బార్ రేవుని ఆనుకునే పాత కోట శిథిలాలున్నాయి. ఆ గోడల నిండా కిట్టివేక్ గూళ్ళు. కిట్టివేక్ అంటే గల్ల్ జాతి పక్షే గానీ చిన్నది, మెత్తటి మొహం. దాని పేరే అరుస్తుంది. ఊరు మధ్యలో, పడవలు వచ్చిపోయే చోట, మనుషుల తలల మీద గూళ్ళు కట్టుకోవడం చూసి నాకు మా తేలినీలాపురమే గుర్తొచ్చింది. చేపలు దింపుతున్నవాళ్ళు తలెత్తి కూడా చూడటం లేదు, అంత అలవాటు.

కిట్టివేక్‌లూ బ్రిటన్‌లో ప్రమాదంలో ఉన్న జాబితాలోనే ఉన్నాయి. వీటి తిండి శాండీల్ అనే సన్నటి చేప. పఫిన్ నోట్లో వరసగా వేలాడుతూ ఫొటోల్లో కనిపించేవి అవే. సముద్రం వేడెక్కి అవి తగ్గడం ఒక దెబ్బ. పశువుల మేతకీ నూనెకీ వాటినే టన్నులకొద్దీ పట్టుకుపోవడం ఇంకో దెబ్బ. 2024లో స్కాట్లాండ్ తన జలాల్లో, ఇంగ్లండ్ తన వైపు నార్త్ సీలో శాండీల్ వేటని ఆపేశాయి. వేడెక్కే సముద్రాన్ని ఒక దేశం ఆపలేదు, జబ్బుని కూడా ఆపలేదు. వలని ఆపగలదు. ఆపారు. నాకు అది పెద్ద పనిగానే కనిపిస్తోంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. పఫిన్లు కావాలంటే జూలై చివరికి ముందే వెళ్ళండి, తర్వాత సముద్రంలోకి పోతాయి. గ్యానెట్లకైతే మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఎప్పుడైనా సరే. పడవ టికెట్ ముందుగా తీసుకోండి, కానీ గాలి ఒప్పుకుంటేనే ప్రయాణం, అందుకని ఒక రోజు చేతిలో అదనంగా ఉంచుకోండి. జూన్‌లో కూడా మంకీ క్యాపు, స్వెట్టరు తప్పవు. పడవలో టోపీ ఎందుకు పెట్టుకోమంటున్నానో ఆదివారం సంగతి చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి క్రెయిగ్‌లీత్ మీద ట్రీ మాలో నరకడానికి వెళ్ళేవాళ్ళ జాబితాలో తన పేరు ఇచ్చింది. చలికాలంలో, ఒక శనివారం. నన్ను కూడా రమ్మంది, కానీ అప్పటికి మేం టెక్కలిలో ఉంటాం, తేలినీలాపురానికి పెలికాన్లు వచ్చే కాలం అది. కొడవలి పట్టుకోవడం ఎలాగో మా ఆవిడ వంటింట్లో చాకుతో చూపించి వచ్చింది.